పంతులు బిడ్డ మట్టిపని

1946 ఫిబ్రవరి 11, సోమవారం

పోయింది. నిజంగానే పోయింది. తెల్లవారకముందే సద్దిమూట కట్టుకుని, వాళ్ళ చిన్నమ్మ నాగులమ్మ వెంట రామన్నపేట బండెక్కింది. నాకు చెప్పకుండా పోయిందని అనడానికి లేదు. "పోతున్న బాపు" అని చెప్పే పోయింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. నిద్రలో ఉన్నాననుకుందేమో, అనుకోనీ.

నల్గొండ బోర్డింగులో ఏడో తరగతి దాకా చదివించాను నా బిడ్డ సాలమ్మను. మా వాడలో ఆడపిల్లల సంగతి అటుంచి, మగపిల్లల్లో కూడా అంత చదివినవాడు లేడు. జూన్‌లో పంతులమ్మ ట్రైనింగుకు పంపిస్తానని పాదిరి అయ్యగారు నోరారా చెప్పారు. తెల్లచీర కట్టుకుని కుర్చీలో కూర్చుని బతకాల్సిన పిల్ల. ఆమెకు నచ్చిందేమిటయ్యా అంటే, రామన్నపేట అవతల కడుతున్న కొత్త దవాఖానలో జానయ్య మేస్త్రి కింద సున్నం మోసే పని!

మా నాయిన దొరవారి గడీ గోడలకు మట్టి తొక్కీ తొక్కీ చచ్చాడు. కూలి లేదు, గీలి లేదు, వెట్టి. ఆయన కాళ్ళ పగుళ్ళలో మట్టి ఎంత రుద్దినా పోయేది కాదు. నేను పాదిరిగారి బడిలో నాలుగు అక్షరాలు పట్టుకుని, పంతులునై ఆ మట్టిలోంచి బయటపడ్డాను. పంతులు ఇల్లు కనుక గడీవాళ్ళు మా ఇంటిని వెట్టికి పిలవరు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ పిలవలేదు. ఇప్పుడు నా బిడ్డ తన కాళ్ళతో తానే నడిచిపోయి మళ్ళీ అందులో దిగింది. దీన్ని పిచ్చి అనక ఏమనాలి?

పిల్ల తల్లి బిక్షమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కూనిరాగం తీస్తోంది. ఈ ఇంట్లో కోపం తెచ్చుకోవడం కూడా నా ఒక్కడి పనే అయిపోయింది.

ఫిబ్రవరి 12

అన్నం సయించలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైంది.

ఫిబ్రవరి 16, శనివారం

వచ్చింది. వేళ్ళ సందుల్లో సున్నం తిని చర్మం ఊడింది. నూనె రాసుకుంటూ నవ్వుతోంది! బోర్డింగు నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఈ పిల్ల ఇంతగా మాట్లాడిన జ్ఞాపకం లేదు. గానుగలో సున్నం ఎట్లా నూరుతారో, మెత్తగా వెన్నలా అయ్యేదాకా ఎద్దులు ఎట్లా తిరుగుతాయో, పరంజా మీద మేస్త్రి ఎట్లా కేకలేస్తాడో అంతా చేతులు తిప్పుతూ చెప్పింది. బిక్షమ్మ నోరు తెరుచుకుని విన్నది. నేను బైబిలు చదువుకుంటున్నాను. ఏ అధ్యాయమో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

తల్లి చేతిలో కూలి పెట్టింది. నాకూ పొగాకు తెచ్చింది. నేను ముట్టలేదు.

(తరువాత) కొంచెం ముట్టాను. పారేస్తే దండగ.

మార్చి 4, సోమవారం

ఇవాళ బడికి పెద్దపిల్లల్లో ఇద్దరు రాలేదు. విచారిస్తే జానయ్య మేస్త్రి దగ్గరికి పోయారని తెలిసింది. సాలక్క చెప్పిందట, పని ఉందని! నేను పొద్దంతా గొంతు చించుకుని గుణింతాలు నేర్పేది మేస్త్రికి కూలీలను తయారు చెయ్యడానికా? ఒకడి తండ్రి బక్కయ్యను పట్టుకుని అడిగాను.

"ఏం జేయమంటవు పంతులూ" అన్నాడు. "పోరడు ఇంటికాడుంటె గడీ నుంచి పిలుపొస్తది. పశువుల కాడికి పొమ్మంటరు, కట్టెలు కొట్టుమంటరు. గాడ పనిల ఉంటె పిలువనీకి మనిషి దొరకడు గద!"

మట్టి మోయడానికి ఇదొక సాకు. పెద్దవాడై ఉండి అట్లా మాట్లాడవచ్చునా?

అయ్యగారు వచ్చి సాలమ్మ ఏదని అడిగారు. వాళ్ళ చిన్నమ్మకు ఒంట్లో బాగాలేదు, తోడుగా పోయింది అన్నాను. నాగులమ్మ గుండ్రాయిలా ఉంది. దేవుడు క్షమిస్తాడు.

మార్చి 23, శనివారం

ఇవాళ తేల్చుకుందామని ఎదురుగా కూర్చోబెట్టాను.

"పంతులమ్మ పనికేం తక్కువైంది?" అన్నాను.

"తక్కువని నేనెప్పుడన్న? పంతులమ్మ అయితనని గూడ నేనెన్నడు అనలే బాపు. నువ్వే అన్నవు, అయ్యగారన్నరు. నన్నెవలన్న అడిగిండ్రా?"

"మట్టి పిసికితే ఏమొస్తుంది?"

"తాత గూడ మట్టే పిసికిండు. గడీవాళ్లేమిచ్చిండ్రు? గీడ శనారం సాయంత్రం కూలి నా చేతుల పెడుతరు. పొద్దుగాల మోకాలంత ఉన్న గోడ పొద్దుమీకేసరికి భుజం కాడికొస్తది. నేను మోసిన సున్నం గా గోడల ఉందని కండ్లతోని చూసుకుంట. పని పూరా నేర్సుకుంటె ఆలేరు పోయినా, పట్నం పోయినా బతుకుత. నీ బడి జాగా గూడ దొరదే గద బాపు. రేపు లెమ్మంటె లేవాలె. నన్నెవలు లెమ్మంటరు?"

చూడండి నోరు! బోర్డింగులో నేర్పింది ఇదా? తండ్రి బడిని పట్టుకుని అంత మాట అనవచ్చునా? లేచి బయటికి పోయాను. చింతచెట్ల దాకా నడిచి తిరిగి వచ్చాను.

వచ్చేసరికి తల్లితో గుసగుసలాడుతోంది. తాపీ అడిగిందట. మేస్త్రి ఇవ్వనన్నాడట. ఆడది తాపీ పడితే గోడ నిలవదట! సున్నం జల్లించేది ఆడవాళ్ళు, తడిపేది ఆడవాళ్ళు, నెత్తిన పెట్టుకుని పరంజా ఎక్కేది ఆడవాళ్ళు. చివర దాన్ని తాపీతో గోడకు వేసే ఆ ఒక్క పనికి మాత్రం మీసం కావాలట. ఇదేం తర్కం? నా దగ్గర రెండో తరగతి పిల్లవాడు కూడా ఇట్లా మాట్లాడడు. ఏడో తరగతి పాసైన పిల్ల, ఆమెకు తాపీ పట్టుకోవడం రాదా?

అసలు నాకెందుకీ గొడవ? ఆమె ఆ పనికి పోవడమే నాకిష్టం లేదు.

ఏప్రిల్ 14, మట్టలాదివారం

ఇవాళ గుడిలో ప్రార్థన విన్నపాలు అడిగే వేళ లేచి నిలబడ్డాను. ఇంట్లో చెప్పి చెప్పి అలిసిపోయాను, ఇక దేవుడికే చెప్పుకోవాలని తోచింది. "నా బిడ్డ సాలమ్మ చదువు విడిచి గోడపని నేర్చుకుంటోంది. దాదాపు మేస్త్రి పని దాకా వచ్చింది. ఆమె మనసు తిరిగేటట్టు సంఘమంతా ప్రార్థన చేయండి" అని అడిగాను. గొంతు కొంచెం పెద్దదిగానే ఉండి ఉండవచ్చు. గుడి బయట నీడకు కూర్చున్న గడీ జీతగాళ్ళకు కూడా వినపడిందట.

అందరూ కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నారు. సాలమ్మ ఆడవాళ్ళ వరుసలో తల వంచుకుని కూర్చుంది. ఇంటికి వచ్చాక బిక్షమ్మ అంది:

"దేవునికి చెప్పినవా, ఊరంత డప్పు కొట్టినవా?"

ప్రార్థన కోరడం తప్పెట్లా అవుతుంది? ఎవరైనా చెప్పమనండి. జబ్బు చేస్తే అడగమా, వానలు లేకపోతే అడగమా?

ఏప్రిల్ 15

తప్పు కానే కాదు.

ఏప్రిల్ 29, సోమవారం

రాత్రి గాలివాన. గడీ తూర్పు ప్రహరీ సగం కూలిందట. లోపలి పెరడంతా బజారుకు కనిపిస్తోందట. జనం పనిగట్టుకుని అటువైపుగా నడుస్తున్నారు. నేనూ పోయాను, నాకు అటు పని ఉండి. దొరవారి బట్టలు తీగమీద ఆరేసి ఉన్నాయి. మామూలు బట్టలే.

మే 2, గురువారం

రెండుసార్లు రాసి కొట్టేశాను. కోపంతోనే.

పొద్దున బడి జరుగుతుండగా గడీ గుమాస్తా రఘుపతి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలో నిలబడి నన్నే బయటికి పిలిచాడు. పిల్లలు చూస్తున్నారు.

"ఏం ఇస్రాయేలు, నీ బిడ్డకు గోడపని వచ్చెనట గద. మేస్త్రి అంతటిదయిందని నువ్వే మీ గుడిల చెప్పినవట. గోడ కూలింది. వానలు పడకముందే లేవాలె. సోమారం పంపు."

"మా ఇల్లు వెట్టికి లేదు గదా" అన్నాను.

"పలక పట్టుకున్నన్ని దినాలు లేకుండె. ఇప్పుడు మట్టి పట్టిండ్రు. మట్టిపని ఎరిగిన ఇంటి నుంచి ఓ మనిషి రావాలె, గది రివాజు. ఈసారొచ్చి అలవాటు చేసుకుంటె యేటేటా ఫికరుండది."

యేటేటా! ఒకసారి ఆ పెరట్లో అడుగుపెడితే మళ్ళీ వానాకాలానికీ పిలుస్తారు, ఆ పై వానాకాలానికీ పిలుస్తారు. రేపు సాలమ్మ కడుపున పుట్టినవాళ్ళనూ పిలుస్తారు. మా నాయినను అట్లాగే పిలిచారు, చచ్చేదాకా వదల్లేదు.

ఎంత దుర్మార్గం! దేవుడి ముందు చెప్పుకున్న మాటను పట్టుకొచ్చి గోడకు వాడుకుంటారా? గుడి బయట కూర్చుని చెవులు రిక్కించిన ఆ జీతగాళ్ళదే తప్పంతా.

బిక్షమ్మ కంచం నా ముందు విసురుగా పెట్టి పోయింది. తిట్టినా బాగుండేది.

మే 3

అయ్యగారి దగ్గరికి పోయాను. ఆయన నెమ్మదిగా విని దారి చెప్పారు. "సోమవారం నువ్వే గడీకి పో. ఆ పిల్లకు పని రాదు, ఊరికే తట్టలు మోసింది, అది కూడా మానేసింది, జూన్‌లో ట్రైనింగుకు పోతోంది అని చెప్పు. నేనూ అదే మాట చెబుతాను. మీ ఇల్లు ఎప్పటిలాగే ఉంటుంది. అయితే ఇక ఆ పనికి మాత్రం పంపవద్దు, అబద్ధమని తేలితే బడికే ముప్పు."

అంటే నేను మూడు నెలలుగా కోరుకున్నదే. అక్షరం పొల్లుపోకుండా అదే. పని రాదు అన్న ఒక్క మాటతో వెట్టి తప్పుతుంది, బిడ్డ పంతులమ్మ అవుతుంది. దేవుడు ప్రార్థన విన్నాడు.

మరి నేరుగా ఇంటికి రాక చింతచెట్ల దాకా ఎందుకు నడిచానో. ఎండ తగిలింది, మజ్జిగ తాగాలి.

మే 4, శనివారం

సాలమ్మ వచ్చింది. అంతా చెప్పాను. గుమ్మంలో కూర్చుని కాలి బొటనవేలితో నేల గీస్తూ విన్నది.

"కూలిచ్చి పిలువుమను, మేస్త్రితోని కలిసి అందరం పోతం, గడీ గోడయినా కడుతం" అంది. "వెట్టికి పోను. కొట్టినా పోను."

"ఎవరు పొమ్మన్నారు? పని రాదని చెప్పి వస్తాను."

నేల గీయడం ఆపింది. "గట్ల చెప్తె మళ్ల నేను పనికి పోయేదుండది. గది నీకెర్కనే" అంది. "నీ ఇష్టం బాపు. బడి నీది. చెప్పుకో."

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తల్లి అన్నం పెడితే తిన్నది. తిని, చేతులకు నూనె రాసుకుంది. మానేసే పని అయినప్పుడు ఆ చేతులకు నూనె ఎందుకు? నాకు చూపించడానికే చేస్తుంది ఇదంతా.

మే 6, సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఎండెక్కకముందే పోయాను. ఉతికిన అంగీ వేసుకున్నాను. దారి పొడుగునా ఆ వాక్యం నోట్లో తిప్పుకుంటూ పోయాను. పని రాదండి, తట్టలు మోసిందండి, మానేసిందండి. గడీ అరుగు మీద దొర కూర్చుని ఉన్నారు, పక్కన రఘుపతి. నేను ఎండలో నిలబడ్డాను. ఎదురుగా కూలిన గోడ. మా వాడవాళ్ళు నలుగురు మట్టి తొక్కుతున్నారు, బక్కయ్య కూడా ఉన్నాడు. ఎవరూ నావైపు చూడలేదు.

"ఏం ఇస్రాయేలు, పిల్ల రాలేదేమి? పని వచ్చా రాదా?" అన్నారు దొర. మామూలుగానే అడిగారు, పంచాంగం అడిగినట్టు.

నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఆ రఘుపతి నవ్వాడు.

"ఆడపిల్లకేం పనొస్తది దొరా! మట్టి పిసుకుడేగా. గది ఓ పనా, దానికి నేర్సుకునుడొకటా! నాలుగు దినాలు పిసికి పోతది."

దొర కూడా నవ్వారు.

ఆ పిల్ల వేళ్ళ మధ్య సున్నం తిన్న చర్మం వీడు చూశాడా? అయ్యగారు చెప్పమన్నదీ అదే, రఘుపతి అంటున్నదీ అదే. నేను మూడు నెలలుగా నా ఇంట్లో కూర్చుని అంటున్నదీ దగ్గర దగ్గర అదే మాట. ఆ గుమాస్తా నోట్లోంచి వింటే నా ఒళ్ళు మండిపోయింది.

"వచ్చు దొరా" అన్నాను. "నా బిడ్డకు గోడపని మంచిగ వచ్చు. కూలిచ్చి పిలిస్తె మేస్త్రితోని వచ్చి కడుతది. వెట్టి మాత్రం చెయ్యది."

మట్టి తొక్కేవాళ్ళ కాళ్ళు ఆగిపోయాయి. రఘుపతి నవ్వు ఆగింది.

"నీకు గూడ వెట్టి బందు అనే సంఘమోళ్ల గాలి సోకిందారా?" అన్నాడు. వీడు నన్ను ఎప్పుడూ అరే ఒరే అనలేదు.

దొర చేయి ఎత్తి వాణ్ణి ఆపారు. "బడి ఉన్న జాగా ఎవరిదో నీకు ఎరుకేనా ఇస్రాయేలు?" అన్నారు.

"ఎరుకే" అన్నాను. వెనక్కి తిరిగి వచ్చేశాను. భయం అయింది నాకు, ఎందుకు దాచాలి?

మే 7

బిక్షమ్మ పొద్దున్నే కోడిగుడ్డు ఉడకబెట్టి పెట్టింది. పండుగ కూడా కాదు. సాలమ్మ మళ్ళీ రామన్నపేట బండెక్కింది.

మే 9, గురువారం

బడి కప్పు విప్పేశారు. విప్పడానికి ఎవరిని పంపారో తెలుసా? మా వాడవాళ్ళనే. బక్కయ్య చేతనే తాటికమ్మలు లాగించారు, కొడుకు అక్షరాలు దిద్దిన బడి కప్పును తండ్రితో విప్పించారు! బక్కయ్య కిందికి దిగి, కళ్ళు తుడుచుకుని, నల్లబల్లను మోసుకొచ్చి మా ఇంట్లో పెట్టిపోయాడు. "తప్పు పట్టకు పంతులూ" అన్నాడు. నేనేం తప్పు పడతాను అతన్ని? కూర్చున్న చోటు నుంచి కదలకుండా విప్పమన్నవాళ్ళది తప్పు. అన్నం తిని చేయి కడుక్కున్నంత సులువుగా ఒక బడిని తీసేశారు.

బిషప్పుగారి మేత్రాసన కచేరీకి చెప్పి వేరే ఊరికి మార్పిస్తామని అయ్యగారు కబురు పంపారు. తొందరపడ్డానన్నారు. ఇరవై ఏళ్ళు ఒకే అరుగు ముందు తల వంచినవాణ్ణి. ఒక్క మాట నిటారుగా చెబితే తొందరపాటా?

మా ఇంటి ముందర పందిరి కింద పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. మునుపటి కంటే ఇద్దరు ఎక్కువే వచ్చారు. గడీ గోడ ఇంకా లేవలేదు.

మే 11, శనివారం

రామన్నపేట పోయాను. జానయ్య మేస్త్రిని ఇవాళే చూడడం. నెరిసిన మీసం, సున్నం పట్టిన గోళ్ళు. కూర్చోమని రాయి చూపించాడు, నేను కూర్చోలేదు.

"మా పిల్లకు తాపీ ఎందుకివ్వవు?" అన్నాను.

"గదెట్లిస్తం పంతులూ? మా తాతల కాడి నుంచి ఆడది తాపీ పట్టింది లేదు. గోడ నిలువదంటరు."

"ఆడది కట్టిన ఏ గోడ కూలింది, చూపించు. మా ఊరి గడీ గోడ మగవాళ్ళు కట్టిందే, పడి ఉంది. పోయి చూసి రా."

గంపలు మోసే ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడి వింటున్నారు. నాగులమ్మ అయితే గంప దించి నడుం మీద చేతులు పెట్టుకుంది. సాలమ్మ పరంజా నిచ్చెన దగ్గర తల పట్టుకుని, "బాపు, ఊకో" అంటోంది. నేనెందుకు ఊరుకుంటాను?

"నేను దొర మొఖం మీద చెప్పి వచ్చాను, నా బిడ్డకు గోడపని మంచిగా వచ్చునని. ఆ మాటకు నా బడి పోయింది. ఇప్పుడు నువ్వు రాదంటే నేను అబద్ధం ఆడినట్టే కదా! నన్ను అబద్ధికుణ్ణి చేస్తావా?"

మేస్త్రి మీసం సవరించుకున్నాడు. ఆడవాళ్ళవైపు చూశాడు, వాళ్ళు గంపలు ఎత్తే జాడ కనిపించలేదు. తడిపిన సున్నం ఎండకు బిగుసుకుపోతోంది.

"అబ్బ, ఏం మనిషివయ్యా నువ్వు" అన్నాడు. "సరె, సోమారం నుంచి వెనుక గోడ పట్టుమను. వంకర పోతె మాత్రం నేనే కూలగొడుత."

"వంకర పోదు" అన్నాను. నాకేం తెలుసు? అయినా అన్నాను.

మే 18, శనివారం

మళ్ళీ పోయాను. ఏదో పని ఉందని బిక్షమ్మతో చెప్పాను. ఏం పని అని ఆమె అడగలేదు.

దవాఖాన వెనక్కి పోయి చూస్తే సాలమ్మ పరంజా మీద ఉంది. చీర కుచ్చెళ్ళు దోపుకుంది, కుడిచేతిలో తాపీ. సున్నం తీసి రాయి మీద పరిచి, ఇంకో రాయి పెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు వేసి, మిగిలిన సున్నాన్ని అంచు నుంచి గీకి తీసింది. గోడ వంకర పోయిందేమోనని తూకం గుండు వదిలి ఒక కన్ను మూసి చూసింది. మళ్ళీ రాయి అందుకుంది. నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా బిడ్డ పని చేస్తుంటే నేను చూడడం అదే మొదటిసారి. చూడకుండానే మంచిగా వచ్చునని దొరతో అన్నాను. నిజమే అన్నాను.

నన్ను చూసి కిందికి దిగింది. ముంతలో నీళ్ళు తాగింది. మొహమంతా సున్నపు చుక్కలు.

"బాపు, ఓ మాట అడుగుత" అంది. "నాకు పని రాదని ఒక్క మాటంటె అయిపోయేది గద? బడి ఉండేది. నేను ట్రైనింగుకు పోయేదాన్ని. నీకు కావాల్సింది గదే గద. ఎందుకనలే?"

అబద్ధమాడరాదని పది ఆజ్ఞల్లో ఉంది కదా అందామనుకున్నాను. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"నోరు రాలేదు బిడ్డా" అన్నాను. "నువ్వు ఇంత కష్టపడి నేర్చుకున్నదాన్ని, వాళ్ళ ముందు లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

ఆమె మొహం తిప్పుకుంది. కొంగుతో తుడుచుకుంది, సున్నం కంట్లో పడిందో ఏమో. గబగబా నిచ్చెన ఎక్కి, పైనుంచి "అక్కా, సున్నం! జర జల్ది!" అని కేక వేసింది. మేస్త్రి కేక కంటే గట్టిగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు దవాఖాన ముందువైపు నుంచి వచ్చాను. ముందు గోడ ఇంకా నడుములోతే లేచింది. ఇద్దరు మగవాళ్ళు కడుతున్నారు, ఆగి ఆగి బీడీలు కాలుస్తూ. దవాఖానకు వచ్చే ప్రతి మనిషీ చూసే గోడ అది. నా బిడ్డకేమో ఎవరి కంటా పడని వెనక గోడ! ఇదేం న్యాయం? ఆ జానయ్య ఏమనుకుంటున్నాడు? సోమవారం పోయి అడుగుతాను.